అక్బరు చీతాలు, సైబీరియా నక్కలు

మొగల్ చక్రవర్తి అక్బరుకు చీతాలతో వేటాడటం అంటే మహా ఇష్టం. ఒక దశలో ఆయన వెయ్యి చీతాలను పోగుచేశాడని కొడుకు జహంగీరు తన ఆత్మకథలో రాసుకున్నాడు. వాటికి ప్రత్యేకంగా కాపరులు ఉండేవారు, తిండికి లెక్క ఉండేది, మంచి వేట చేసిన వాటికి గౌరవాలూ దక్కేవి. కళ్లకు గంత కట్టి ఎద్దుబండి మీద మైదానానికి తీసుకుపోయేవారు. జింకలు కనబడగానే గంత విప్పి వదిలేవారు. చీతా పరుగెత్తి కృష్ణజింకను పడగొట్టి, కాపరి వచ్చేదాకా దాని గొంతు పట్టుకుని ఉండేది. కాపరి వచ్చి గరిటెడు నెత్తురో మాంసం ముక్కో చూపిస్తే జింకను వదిలేసి, మళ్లీ మెడకు పట్టీ కట్టించుకుని బండెక్కేది.

అంత లొంగిన జంతువు ఒక్క విషయంలో మాత్రం లొంగలేదు. మనుషుల మధ్య పిల్లల్ని కనలేదు. అక్బరు వాటిని తోటల్లో జంటలుగా వదిలించి చూశాడు, ఫలితం లేదు. జహంగీరు కాలంలో ఒక మగ చీతా పట్టీ తప్పించుకుపోయి ఆడదానితో కలిస్తే మూడు పిల్లలు పుట్టాయి. అదొక వింతగా భావించి ఆయన తన పుస్తకంలోకి ఎక్కించాడు. అంటే రాజుల దగ్గరున్న చీతాలన్నీ అడవిలో పుట్టి, గోతుల్లోనో ఉచ్చుల్లోనో పడి వచ్చినవే. అవి కూడా ఎక్కువగా పెద్దవే, ఎందుకంటే వేటాడటం తల్లి నేర్పాలి, మనిషి నేర్పలేడు. ఒకటి చనిపోతే ఇంకొకటి అడవి నుంచి రావలసిందే. పట్టుకోవడం, వేటాడటం, మైదానాలు పొలాలుగా మారడం, ఇవన్నీ కలిసి చీతాను దేశంలో లేకుండా చేశాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొల్హాపూర్, భావనగర్ సంస్థానాల వాళ్లు వేట కోసం ఆఫ్రికా నుంచి చీతాలు తెప్పించుకునే పరిస్థితి వచ్చింది. 1952లో మన దేశంలో చీతా అంతరించిందని ప్రభుత్వం ప్రకటించింది. ఇప్పుడు కూనో జాతీయ పార్కులో కనబడేవి 2022 నుంచి ఆఫ్రికా నుంచి తెచ్చినవీ, వాటి సంతానమూ.

వెయ్యి చీతాలను మచ్చిక చేసుకోగలిగిన మనిషి ఒక్క పెంపుడు చీతా జాతిని ఎందుకు తయారు చేయలేకపోయాడు? మచ్చిక చేయడం ఒక జంతువుకు జరిగే పని. భయం పోగొట్టి, తిండి పెట్టి, కొట్టో బుజ్జగించో దానిని మనకు అలవాటు చేస్తాం. ఆ అలవాటు ఆ జంతువుతోనే పోతుంది, దాని పిల్ల మళ్లీ అడవి పిల్లగానే పుడుతుంది. పెంపుడు జాతి సంగతి వేరు. కుక్కపిల్ల కళ్లు తెరవకముందే మనిషిని ఓర్చుకునే స్వభావం దాని జన్యువుల్లో ఉంటుంది. మొదటిదానికి కొన్ని నెలలు చాలు. రెండోదానికి తరాలు కావాలి, ఆ తరాలన్నీ మనిషి సమక్షంలో పుట్టాలి.

ఈ తేడా ఏనుగు దగ్గర ఇంకా బాగా కనబడుతుంది. గుడి ముందు నిలబడి తొండంతో దీవించే ఏనుగును చూసి అది ఆవులాంటి పెంపుడు జంతువే అనుకుంటాం. జీవశాస్త్రం ఒప్పుకోదు. సింధు నాగరికత ముద్రల మీద ఏనుగు బొమ్మ ఉంది, కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఏనుగులను పట్టే పద్ధతులున్నాయి. ఇరవై ఏళ్ల ఏనుగును పట్టాలని, గున్నలను, పాలిచ్చే తల్లులను, రోగిష్టి వాటిని వదిలేయాలని అందులో ఉంది. లెక్క సులువే. గున్నను పట్టుకుంటే అది పనికొచ్చేదాకా పదిహేను, ఇరవై ఏళ్లు ఊరికే మేపాలి. పెరిగినదాన్ని అడవే మేపి ఇస్తుంది. ఏనుగు గర్భం దాదాపు 22 నెలలు, ఒక్కో కాన్పుకూ మధ్య నాలుగైదేళ్లు. మంచి స్వభావం ఉన్నవాటిని ఏరి, జతకట్టించి, వాటి పిల్లల్లో మళ్లీ ఏరి, ఇలా ముప్పై తరాలు నడపాలంటే ఆరువందల ఏళ్లు దాటుతాయి. ఏ రాజవంశానికి అంత ఓపిక, అంత ఆయుష్షు?

అందుకే 2025లో కర్ణాటక నుంచి మన చిత్తూరు జిల్లాకు, పలమనేరు దగ్గరి ముసలిమడుగు శిబిరానికి కుంకీ ఏనుగులు వచ్చినప్పుడు, వాటితో పాటు మావటీలూ, వాళ్లకూ ఏనుగులకూ మధ్య అలవాటైన మాటలూ రావలసి వచ్చింది. పొలాల మీద పడే అడవి ఏనుగులకూ, వాటిని తరిమే కుంకీలకూ జన్యువుల్లో తేడా ఏమీ లేదు. తేడా అంతా శిక్షణలో ఉంది, మావటీతో కలిసి గడిపిన ఏళ్లలో ఉంది. మదమెక్కిన రోజుల్లో కుంకీని కూడా గొలుసుతో కట్టి దూరంగా ఉంచేది అందుకే.

చీతా, ఏనుగు కథలు మనకు చెప్పేది కానిదేమిటో. అయ్యేది ఎలా అవుతుందో చూపించింది సోవియట్ రష్యాలో ఒక నక్కల ఫారం. ఇరవయ్యో శతాబ్దపు జీవశాస్త్రంలో ఇంత ఓపికగా నడిచిన ప్రయోగాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ద్మిత్రి బెల్యాయెవ్ 1917లో పుట్టాడు. ఆయన అన్న నికొలాయ్ జన్యుశాస్త్రవేత్త. స్టాలిన్ హయాంలో 1937లో ఆయన్ని అరెస్టు చేసి కాల్చి చంపారు. అప్పటికి సోవియట్ దేశంలో లిసెంకో అనే వ్యవసాయవేత్త మాట వేదంగా మారుతోంది. జన్యువులు అనేవి బూర్జువా కల్పన అని, పరిసరాలే మొక్కల్నీ జంతువుల్నీ మారుస్తాయని ఆయన వాదన. గొప్ప మొక్కల శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ 1943లో జైల్లో చనిపోయాడు. 1948లో జన్యుశాస్త్రాన్ని అధికారికంగా అణచివేశారు. ఆ ఏడే మాస్కోలోని బొచ్చు జంతువుల పరిశోధనాలయంలో బెల్యాయెవ్ విభాగాధిపతి పదవి పోయింది. అయినా ఆయన నక్కల్నీ మింకుల్నీ వదల్లేదు. బొచ్చు వ్యాపారం విదేశీ మారకం తెచ్చేది కనుక, నక్కల ఫారంలో పని అంటే ఎవరికీ అనుమానం రాదు. అడిగితే జంతువుల శరీరధర్మాల అధ్యయనం అని చెప్పేవాడు. 1959లో నోవోసిబిర్స్క్‌లో కణశాస్త్ర, జన్యుశాస్త్ర సంస్థకు అధిపతి అయ్యాడు. చనిపోయేదాకా, అంటే 1985 దాకా అక్కడే ఉన్నాడు.

ఆయన్ను వేధించిన ప్రశ్న డార్విన్ కాలం నుంచీ ఉన్నదే. కుక్క, పంది, మేక, ఆవు, కుందేలు. వీటి పూర్వీకులు వేరు, వీటిని సాకిన మనుషులు వేరు, సాకిన అవసరాలు వేరు. అయినా వీటన్నిటిలో కొన్ని లక్షణాలు పదే పదే కనబడతాయి. ఒంటి మీద తెల్లమచ్చలు, వాలిన చెవులు, చుట్టుకున్న తోక, పొట్టి మూతి, ఏడాదిలో ఎప్పుడైనా ఈనగల శక్తి. వాలిన చెవులు అడవి జంతువుల్లో ఏనుగుకు తప్ప చూడం. మేకకు చెవులు వాలాలని ఏ కాపరి కోరుకుని ఉంటాడు? కోరుకోని లక్షణాలు ఎందుకు వచ్చాయి? బెల్యాయెవ్ ఊహ ఏమిటంటే, ఆదిమానవుడు ఏరుకున్నది ఒక్కటే గుణం, మనిషిని చూసి బెదరకపోవడం, మీదపడకపోవడం. మిగతావన్నీ దాని వెంట వచ్చినవే.

ఊహను పరీక్షించడానికి ఆయన ఎంచుకున్నది వెండి నక్క. మన పల్లెల్లో నక్క అనేది ఎక్కువగా వేరే జంతువు, తోడేలుకు దగ్గర చుట్టం. వెండి నక్క అంటే ఉత్తర దేశాల ఎర్ర నక్కలోనే నల్లని రంగు రకం. బొచ్చు కొనల్లో వెండి మెరుపు ఉంటుంది. ఎస్టోనియాలో ఒక ఫారంలో చిన్నగా మొదలైన ప్రయత్నాన్ని 1959 నుంచి పెద్దగా నడపడానికి మాస్కో విశ్వవిద్యాలయం నుంచి అప్పుడే బయటికి వచ్చిన ల్యూద్మిల త్రూత్‌ను పెట్టుకున్నాడు. చంటిబిడ్డను ఇంట్లో వదిలి, రాత్రి రైలెక్కి, దూరపు లెస్నోయ్ ఫారానికి పోయి, గడ్డకట్టే చలిలో వందల బోనుల ముందు నిలబడటం ఆవిడ పని. 2024 అక్టోబరులో తన 90వ ఏట కన్నుమూసేదాకా ఆవిడకు ఈ నక్కలే లోకం. బెల్యాయెవ్ పేరు ముందు వస్తుంది గానీ, నా దృష్టిలో ఈ ప్రయోగం త్రూత్‌ది. ఆలోచన ఒక సాయంత్రంలో వస్తుంది, అరవై ఏళ్ల లెక్కలు రోజూ ఎవరో ఒకరు రాయాలి.

మొదట 30 మగ నక్కలు, 100 ఆడ నక్కలు. అవి ముద్దుగా ఉండేవేమీ కావు. మందపాటి తొడుగులు వేసుకుని బోను తలుపు తీస్తే చాలావరకు గుర్రుమని మీదికి వచ్చేవి, లేదంటే మూలకు నక్కి వణికేవి. పదింటిలో ఏ ఒక్కటో మాత్రం కాస్త నెమ్మదిగా చూసేది. ఆ నెమ్మదిగా చూసేవే తర్వాతి తరానికి తల్లిదండ్రులు. పిల్లలకు నెల నిండినప్పటి నుంచి నెలనెలా పరీక్ష పెట్టేవారు. చేత్తో తిండి అందిస్తూ నిమరడానికి ప్రయత్నిస్తే ఏం చేస్తుందో చూసి మార్కులు వేసేవారు. ఏడెనిమిది నెలలకు, ఈడొచ్చాక, చివరి లెక్క. మగపిల్లల్లో నూటికి నాలుగైదు, ఆడపిల్లల్లో నూటికి ఇరవై మాత్రమే నెగ్గేవి.

ఇందులో కీలకమైన నియమం ఒకటుంది. వాటికి ఏ శిక్షణా ఇవ్వలేదు. ముద్దుచేయలేదు. మనుషులతో గడిపే సమయాన్ని గీటుగీసినట్టు పరిమితం చేశారు. శిక్షణ ఇస్తే అది మచ్చిక అవుతుంది, అక్బరు చీతాల కథే మళ్లీ నడుస్తుంది. రంగు చూసి, చెవులు చూసి, బొచ్చు చూసి ఏరడం కూడా నిషేధం. చూడవలసింది స్వభావం ఒక్కటే.

నాలుగో తరంలో, 1963లో, ఒక మగపిల్ల త్రూత్‌ను చూసి తోక ఊపింది. దాని పేరు ఎంబర్. నక్కలు మనిషిని చూసి తోక ఊపవు. ఆరో తరం వచ్చేసరికి కొన్ని పిల్లలు మనిషి కనబడగానే కుయ్యికుయ్యిమంటూ వచ్చి చేతులు నాకడం మొదలుపెట్టాయి. మార్కుల పట్టికలో వీటికి చోటు లేదు, అందుకని కొత్తగా ఒక మేలుతరగతి చేర్చవలసి వచ్చింది. పదో తరంలో నూటికి 18 పిల్లలు ఆ తరగతిలో ఉన్నాయి. ఇరవయ్యో తరంలో 35. నలభై ఏళ్లు గడిచేసరికి, 1999లో త్రూత్ రాసిన లెక్క ప్రకారం, 70 నుంచి 80.

ఇది పుట్టుకతో వచ్చిన స్వభావమా, తల్లి పెంపకమా అన్న అనుమానం సహజం. త్రూత్ దానికీ సమాధానం వెతికింది. సాధువైన తల్లి గర్భంలోని పిండాలను కొన్ని రోజుల వయసులోనే తీసి కోపిష్టి తల్లి గర్భంలో, దీనివి దానిలో పెట్టింది. రంగును బట్టి ఎవరి పిల్లలెవరో తెలిసేలా ఏర్పాటు చేసుకుంది. పుట్టిన పిల్లలు మోసిన తల్లినీ పాలిచ్చిన తల్లినీ పోలలేదు, జన్యువులిచ్చిన తల్లిని పోలాయి. కోపిష్టి తల్లి దగ్గర పెరిగినా సాధువు పిల్లలు మనిషి వైపే పరుగెత్తేవి, ఆ తల్లి వాటిని మెడ పట్టి వెనక్కి లాగేది.

1974లో పుషింక అనే నక్కను తీసుకుని త్రూత్ ఫారం పక్కన చిన్న ఇంట్లో కాపురం పెట్టింది. అది నిండు చూలాలు. ఈనిన తర్వాత పిల్లను నోట కరుచుకుని వచ్చి త్రూత్ కాళ్ల దగ్గర పెట్టింది. ఒక రాత్రి కాపలాదారు అడుగుల చప్పుడుకు కుక్కలా మొరిగింది. అంతకుముందెన్నడూ అలా మొరిగింది లేదు. ఎవరూ నేర్పలేదు కూడా.

మరి చెవులు, తోకల సంగతేమిటి? ఎనిమిది నుంచి పది తరాల మధ్య నుదుట తెల్లని నక్షత్రం మచ్చ ఉన్న పిల్లలు పుట్టాయి. వాలిన చెవులు, చుట్టుకున్న తోకలు వచ్చాయి. కొన్ని ఆడ నక్కలు ఏడాదికి ఒక్కసారి అన్న అడవి నియమం దాటి వేరే కాలంలో కూడా జతకట్టడానికి సిద్ధపడ్డాయి. తరాలు ఇంకా గడిచాక పొట్టి కాళ్లు, వెడల్పు మూతులు కనబడ్డాయి. బెల్యాయెవ్ ఊహ అక్షరాలా నిజమైనట్టే అనిపించింది.

ఇది లోపల ఎలా జరిగిందన్నది మనుషులకు బాగా తెలిసిన ఒక అవయవంతో మొదలవుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుండే అధివృక్క గ్రంథులు ఆపద అనిపించినప్పుడు హార్మోన్లు విడుదల చేస్తాయి. సాధు నక్కల నెత్తురులో ఈ హార్మోన్ల స్థాయి పన్నెండు తరాలకే సగానికి పడిపోయింది, ముప్పై తరాల దగ్గర మళ్లీ సగమైంది. మెదడులో సెరొటోనిన్ పెరిగింది. అన్నిటికంటే ఆసక్తికరమైనది కాలం లెక్క. మామూలు నక్కపిల్లలకు ఆరో వారంలో భయం తెలుస్తుంది, ఆపైన కొత్తది ఏది కనబడినా బెదురుతాయి. సాధు నక్కపిల్లలకు ఆ భయం తొమ్మిదో వారం దాకా రాలేదు. పైగా అవి చప్పుళ్లకు రెండు రోజుల ముందే స్పందించాయి, ఒక రోజు ముందే కళ్లు తెరిచాయి. అంటే లోకాన్ని చూసి ‘వీళ్లు నా వాళ్లు’ అని నమోదు చేసుకునే తలుపు ఇటు ముందే తెరుచుకుంది, అటు ఆలస్యంగా మూసుకుంది. ఆ వ్యవధిలో మనిషి కనబడితే మనిషి కూడా ఇంటివాడే. కుక్కపిల్లలను చిన్నప్పుడే మనుషుల్లో తిప్పమని పశువైద్యులు పోరేది ఇందుకే.

భయానికీ తెల్లమచ్చకూ సంబంధం ఏమిటన్నదానికి 2014లో ముగ్గురు శాస్త్రవేత్తలు, ఆడమ్ విల్కిన్స్, రిచర్డ్ రాంగమ్, టెకుమ్సే ఫిచ్, ఒక వివరణ ఇచ్చారు. పిండం తొలిదశలో వెన్ను వెంబడి ఒక జాతి కణాలు పుట్టి ఒళ్లంతా వలసపోతాయి. నాడీ శిఖర కణాలు అంటారు. చర్మానికి రంగునిచ్చే కణాలు, దవడ ఎముకలు, చెవి మృదులాస్థి, అధివృక్క గ్రంథిలో ఒక భాగం, ఇవన్నీ వాటి నుంచే తయారవుతాయి. ఈ కణాలు కాస్త తక్కువగా పుట్టినా, నెమ్మదిగా నడిచినా భయం తగ్గుతుంది. దాంతోపాటే వెన్నుకు దూరంగా ఉన్న చోట్లకు, నుదుటికీ పాదాలకూ తోక కొనకూ, రంగు కణాలు చేరవు. చెవి నిలబడదు. చాలా అందమైన ఊహ. ఊహగానే ఇంకా ఉంది.

అందమైన కథ కనబడితే కాస్త అనుమానించడం మంచిది. ఈ కథను కూడా అనుమానించిన వాళ్లున్నారు. బెల్యాయెవ్ మొదలుపెట్టిన నక్కలు అడవి నుంచి వచ్చినవి కావు. వాటి తాత ముత్తాతలు కెనడా తూర్పు తీరంలో ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలోని బొచ్చు ఫారాల నుంచి సోవియట్ దేశానికి చేరాయి. అక్కడ 1890ల నుంచే నక్కల్ని బోనుల్లో పెంచారు, నెమ్మదస్తులను ఏరుకున్నారు కూడా. ఆ కాలపు ఫొటోల్లోనే మచ్చల నక్కలున్నాయి, మనిషి చేతుల్లో ఒదిగిన నక్కలున్నాయి. క్యాథ్రిన్ లార్డ్, గ్రెగర్ లార్సన్, మరికొందరు ఈ పాత రికార్డులను ముందుపెట్టి, తెల్లమచ్చలూ వాలిన చెవులూ సైబీరియాలో కొత్తగా పుట్టినవని చెప్పడం కుదరదన్నారు. పెంపుడు జంతువులన్నిటికీ ఒకే లక్షణాల మూట ఉందన్న మాటకే ఆధారాలు పలుచన అని కూడా అన్నారు.

పెంపుడు జంతువుల మెదడు చిన్నదవుతుందన్నది ఇంకో పాత సూత్రం. 2021లో ఎరిన్ హెక్ట్ బృందం ఈ నక్కల మెదళ్లను స్కాన్ చేసి చూస్తే, మామూలు ఫారం నక్కలతో పోలిస్తే సాధు నక్కల్లోనూ, పోల్చి చూడటానికి వేరుగా పెంచిన కోపిష్టి నక్కల్లోనూ కూడా మెదడు కొన్ని చోట్ల పెద్దదైంది. సూత్రానికి ఎదురుగా ఉన్న ఫలితం. అదే సమయంలో స్వీడన్‌లోని లింకోపింగ్‌లో పెర్ జెన్సెన్ బృందం అడవికోళ్ల మీద ఇలాంటి ప్రయోగమే చేసింది. మనిషికి బెదరని కోళ్లనే ఏరుతూ పోతే, పది తరాల్లోనే శరీరంతో పోలిస్తే మెదడు చిన్నదైంది. నక్కకు ఒకలా, కోడికి ఇంకోలా.

2018లో అన్నా కుకెకోవా బృందం నక్కల జన్యుపటాన్ని చదివి, సాధు, కోపిష్టి వంశాల మధ్య తేడాలున్న 103 ప్రాంతాలను గుర్తించింది. సాధు గుణానికి ఒక్క జన్యువు, ఒక్క మీట ఉందనే ఆశ దాంతో పోయింది. నాకు అనిపించేది ఇది. చెవులూ మచ్చలూ పక్కన పెట్టినా ప్రయోగం అసలు ఫలితం చెక్కుచెదరలేదు. స్వభావాన్ని మాత్రమే ఏరుతూ పోతే, ఒక మనిషి ఉద్యోగ జీవితం కంటే తక్కువ కాలంలో, మనిషిని చూసి పారిపోయే జంతువు మనిషి కోసం కుయ్యిమనే జంతువు అయింది. పత్రికలు చెవుల బొమ్మలు వేసుకున్నాయి కానీ, గొప్పతనం తోక ఊపడంలో ఉంది.

మచ్చికకూ పుట్టుస్వభావానికీ తేడా తేల్చిన ఇంకో ప్రయోగం బుడాపెస్ట్‌లో జరిగింది. హంగరీ శాస్త్రవేత్తలు తోడేలు పిల్లలను కళ్లు తెరవకముందే తెచ్చి, రాత్రింబవళ్లు ఒళ్లో పెట్టుకుని కుక్కపిల్లల్లాగే పెంచారు. అవి సాకినవాళ్లను గుర్తుపట్టాయి, ఆడుకున్నాయి. తర్వాత ఒక చిక్కు పెట్టారు, ఎంత లాగినా రాని మాంసం ముక్క. కుక్క కాసేపు ప్రయత్నించి, వెనక్కి తిరిగి మనిషి ముఖంలోకి చూసింది. తోడేలు చూడలేదు, లాగుతూనే ఉంది. ఎంత ప్రేమగా పెంచినా దానికి మనిషి సాయం అడగాలన్న ఆలోచన రాలేదు. సైబీరియా సాధు నక్కలు మాత్రం మనిషి వేలితో చూపిన గిన్నె వైపు కుక్కపిల్లలంత బాగా వెళ్లాయని 2005లో బ్రయన్ హేర్ తదితరులు చూపించారు. వేలి సైగను అర్థం చేసుకోవడం కోసం ఆ నక్కలను ఎవరూ ఏరలేదు. అదీ వెంట వచ్చినదే.

సాధువు అంటే మెతక అని అర్థం చేసుకోకూడదు. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి బరిలో దిగే ఆసిల్ పుంజును చూడండి. కాకి, డేగ, నెమలి, ఏ రంగుదైనా, ఎదుటి పుంజు కనబడితే చచ్చేదాకా పోరాడుతుంది. కానీ బరిలోకి దించేవాడి చంకలో మాత్రం నిశ్చింతగా కూర్చుంటుంది. ఒళ్లంతా తడిమించుకుంటుంది, ఈత కొట్టించుకుంటుంది. ఆ పుంజుకు వందల తరాల పాటు రెండు గుణాలను ఏరారు, సాటి కోడి మీద పగ, మనిషి మీద నమ్మకం. అడవికోడికి ఈ రెండో గుణం లేదు, ఆకు కదిలితే చాలు ఎగిరిపోతుంది. పందేల మంచిచెడులు వేరే చర్చ. చట్టం వాటిని ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. ఆ కోడి మాత్రం జీవశాస్త్ర పాఠం.

పట్టుపురుగుల్లోనూ ఇదే తేడా, ఇంకా స్పష్టంగా. మడకశిర, హిందూపురం వైపు తట్టల్లో పెరిగే మల్బరీ పురుగును చైనాలో అయిదువేల ఏళ్ల కింద పెంపకంలోకి తెచ్చారు. అది ఇప్పుడు పూర్తిగా మనిషి మీద బతుకుతోంది. ఆకు తెచ్చి మీద వేస్తే తింటుంది, చంద్రికలో పెడితే గూడు కడుతుంది. రెక్కలొచ్చిన సీతాకోక ఎగరలేదు. మనిషి మానేస్తే ఆ జాతి ఒక్క ఏడాది కూడా నిలవదు. చెన్నూరు, మహదేవపూర్ అడవుల్లో దసలి పట్టు పండించేవాళ్లను అడిగితే వేరే లోకం చెబుతారు. పురుగులను నల్లమద్ది చెట్ల మీద వదిలి, పిట్టలూ చీమలూ తినకుండా పగలంతా కాపలా కాయాలి. దసలి సీతాకోక ఇంకా ఎగురుతుంది. మనిషి దానికి కాపరి మాత్రమే, ఇంకా యజమాని కాలేదు. రెండూ పట్టే ఇస్తాయి.

ఆవుల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం మన నేలకు అన్యాయం చేసినట్టవుతుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో, అంటే ఆదిలాబాదు ఉట్నూరు కాదు, పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్. ఆర్. ఆల్చిన్ 1957లో ఒక బూడిద దిబ్బను తవ్వాడు. అది రాక్షసుల బూడిద అని చుట్టుపక్కల కథలు చెప్పుకునేవారు. పొరలు తీస్తే, పశువుల దొడ్డిలో పేడ పేరుకుని, మళ్లీ మళ్లీ కాలి, దిబ్బగా మారిందని తేలింది. దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంటలు కనబడ్డాయి. బూడిదలో గిట్టల ముద్రలు ఉన్నాయి. నాలుగున్నర వేల ఏళ్ల కిందటి మందలవి. మూపురం ఉన్న ఆవును మొదట సాధువుగా మార్చింది అంతకు చాలా ముందు, ఇప్పటి పాకిస్తాన్‌లోని మెహర్‌గఢ్ ప్రాంతంలో. దక్కన్‌కు వచ్చేసరికి అది అప్పటికే దొడ్డిలో పడుకునే జంతువు. ఆ దొడ్డి గుంజల మధ్య కూడా ఎవరో బెల్యాయెవ్ పనే చేసి ఉంటారు, తెలియకుండా. పొడిచే కోడెను పండగకు కోసుకుని తిని ఉంటారు, పొడవనిదాన్ని మందకు వదిలి ఉంటారు.

సైబీరియా నక్కల కథకు ఒక చేదు అధ్యాయం కూడా ఉంది. 1990ల్లో సోవియట్ దేశం కూలిపోయాక డబ్బులు ఆగిపోయాయి. తిండి పెట్టలేక వందలాది నక్కలను వదులుకోవలసి వచ్చింది. కొన్ని బొచ్చుకు పోయాయి. త్రూత్ అమెరికన్ పత్రికకు రాసిన వ్యాసం చూసి చాలామంది సాయం పంపితే వంశం నిలిచింది. నోవోసిబిర్స్క్‌లో ప్రయోగం ఇప్పటికీ నడుస్తోంది.

అంత శ్రమ చేసినా ఆ నక్కలను ఇంట్లో పెంచడం కుక్కను పెంచినంత సులువు కాదు. ఇక వేసవిలో బోరుబావి దగ్గరకు వచ్చిన దుప్పిపిల్లను, చెట్టు కొట్టినప్పుడు దొరికిన చిలుక పిల్లను, తల్లి చనిపోయిన కోతిపిల్లను జాలిపడి ఇంటికి తెచ్చుకుంటే జరిగేదేమిటో ఆలోచించండి. చిన్నప్పుడు వెంట తిరుగుతుంది, ముద్దుగా ఉంటుంది. ఈడొచ్చాక అడవి లేస్తుంది. కోతి కరుస్తుంది, దుప్పి కొమ్ములతో పొడుస్తుంది. అప్పటికి అది అడవికీ పనికిరాదు, మనిషి భయం పోయింది కనుక. రామచిలుకను పంజరంలో పెట్టినా వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే. అలాంటి పిల్ల కనబడితే ముట్టుకోకుండా, దూరం నుంచి కాసేపు చూడండి, చాలాసార్లు తల్లి దగ్గరలోనే ఉంటుంది. రాకపోతే అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి.